చుక్కా, ఈగా

పొదిలిలో, కనిగిరి రోడ్డు మీద నా జిరాక్స్ షాపు.
ఆధార్లు, పాసుపుస్తకాలు, పొగాకు వేలం చీటీలు,
వెనకా ముందూ కలిపి రెండు రూపాయలు.
పాటకి కాపీ తియ్యమని ఎవరూ రాలేదు
డోలు కాలేషా తాత వచ్చిందాకా.

తువ్వాల్లో చుట్టిన లావుపాటి రిజిస్టరు.
వాళ్లన్న మస్తాన్‌వలి నాదస్వరానికి రాసుకున్న స్వరాలు,
ఇంకు పెన్సిలుతో; తడి తగిలినచోటల్లా ఊదారంగు.
"ఒంగోల్లో ఒకడు, చీమకుర్తిలో ఇద్దరు,
మద్రాసులో ఎవరో మొహం తెలీనోడు అడగతన్నారమ్మాయ్.
ఫోన్లో పంపాలంట. కనపడేట్టు తియ్."

ముందు ఫోనుతోనే తీశాను.
ముఖారి మీద నా తల నీడ,
పల్లవి మీద ట్యూబులైటు.
లాభం లేదని స్కానరు మూత ఎత్తి
నిన్నటి ఎవరిదో జిగురు వేలిముద్ర తుడిచి
గాజు మీద బోర్లించాను.

కాగితం ఉల్లిపొర.
అవతలి పక్క అంకెలు ఇవతలికి ఉబికి వచ్చాయి,
గాంధారానికీ మధ్యమానికీ నడుమ
పద్నాలుగు కిలోలు తిరగబడి నిలబడ్డాయి.
పొగాకు గ్రేడింగు షెడ్డు లెక్కలంట.
మా ఆయన ఎక్స్‌రే కవరులో నల్లకాగితం ఉంటే
వెనక పెట్టి మూత వేశాను.
కిలోలు మునిగాయి. స్వరాలు తేలాయి.

అక్కడితో ఆగాల్సింది.
'శుభ్రం' అన్న బొత్తం కూడా నొక్కాను.
పేజీ చలవపంచెలా తెల్లబడింది.
గొప్పగా తెర ఆయన వైపు తిప్పాను.

"చుక్కలేయమ్మాయ్?"
"మరకలు తాతా, పోయినయ్."
"స మీద చుక్క పెడితే పైస్థాయి, కింద పెడితే మంద్రం.
మేడ మీదున్న మా అన్నని దించి
నడిమింట్లో కూలేశావే!"

మళ్లీ మొదటికి.
తెలుపూ నలుపూ వద్దని బూడిదరంగులో పెట్టి
రెట్టింపు వివరంగా తీశాను.
చుక్కలన్నీ వచ్చాయి.
వాటితో పాటు వెండిపురుగు తిన్న బెజ్జాలు,
నలభై ఏళ్ల ఈగలు.
ఏది స్థాయో ఏది ఈగో
నా కంటికేం తెలుసు?

ఆయన కౌంటరు మీద వేళ్లతో వాయించుకుంటూ
గొంతులోనే సన్నగా పాడి చూసి చెప్పాడు.
"ఇది చుక్క. ఇది ఈగ.
ఇదీ ఈగే, మా అన్న ఇక్కడ పైకి పోడు,
ముందు సంగతికే ఊపిరంతా పెట్టేసుంటాడు."
నేను మౌసుతో ఒక్కో ఈగనే తుడిచాను.
కరెంటు రెండుసార్లు పోయింది.
యూపీఎస్ కీచుమంటుంటే
దాని లెక్క కూడా తప్పుపట్టాడు.

నలభై ఒకటో పేజీ దగ్గర
నా చెయ్యి ఆపి, కాగితం తిప్పాడు.
*దూదేకుల హుస్సేనమ్మ. మూడు రోజులు.
నాలుగు రూపాయల యాభై పైసలు.*
పక్కన బొటనవేలి ముద్ర.

"మాయమ్మ.
గుమాస్తా చింపి పారేయబోతంటే
ఒకపక్క తెల్లగా ఉందని
పెద్దోడికి కొంగున కట్టుకొచ్చింది."

కాసేపాగి,
"ఈ ఒక్కదానికీ నల్లకాగితం తీసెయ్."

తీసేశాను.
పంచమం వెనక, దైవతం వెనక
అరిగిపోయిన గీతలతో ఆమె వేలు లేచింది.
"పిల్లలు మరకనుకుంటారు తాతా."
"అనుకోనీ."

ఆ వేలిముద్ర అంచున, నిషాదం నెత్తిన
ఒక చుక్క ఉంది.
మూడుసార్లు వాయించాడు. నాలుగోసారి ఆగిపోయాడు.
"ఒక్కోనాడు పైకి పొయ్యేవాడు, ఒక్కోనాడు పొయ్యేవాడు కాదు.
అట్టనే ఉండనీ."
ఉండనిచ్చాను.

పంపేముందు పేర్లు పెట్టాలి కదా.
ఒకటి, రెండు, మూడు... అంకెలే కొట్టుకుంటూ పోయాను.
ఆ పేజీ రెండుసార్లు తీశాం, నల్లకాగితంతో, లేకుండా.
నలభై ఒకటి.
నలభై ఒకటి, అమ్మ.

గాజు తుడిచి
వేలం చీటీ పట్టుకు నిలబడ్డాయన్ని
రమ్మన్నాను.